మా అత్తవారింటి తథాస్తు దేవతలు

మా అత్తవారింట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు, వెళ్ళొస్తారు. పెళ్ళయి రాయగడ వచ్చిన మొదటి వారంలోనే ఈ సంగతి తెలీక వంటింట్లోంచి "పంచదార లేదత్తయ్యా" అని కేకేశాను. పెరట్లో బట్టలారేస్తున్న మా అత్తయ్య తడి చేతులతో పరుగెత్తుకొచ్చి నా నోరు మూసేసింది.

"అలాగనీకమ్మి! మీద తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. నువ్వేటంటే అదే అయిపోద్ది."

నేను సునాబెడలో, ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని. మా నాన్న అక్కడ ఫిట్టరు. పక్కింట్లో ఒడియావాళ్ళు, వెనకింట్లో మలయాళీలు. మా క్వార్టర్ల మీద ఏ దేవతలూ పనీపాటా లేకుండా తిరిగేవారు కాదు. ఒక కొత్త కోడలు పంచదార లేదంటే తథాస్తు అనడానికి కాచుక్కూర్చునే దేవతలు ఎంత పనిలేని దేవతలో అనుకుని ఆరోజు నవ్వుకున్నాను. ఇప్పుడిది రాస్తుంటే మాత్రం నవ్వు రావడం లేదు, ఒళ్ళు మండుతోంది.

తొంభైల మధ్యలో సంగతి ఇది. మా ఆయన తాతగారు పార్వతీపురం వైపు నుంచి వచ్చి రాయగడలో టోకు వ్యాపారం పెట్టారు. పసుపు, అల్లం, చింతపండు, నూనెకి ఆడించే వలిసెలు. నారాయణపట్న సంతకో బోరిగుమ్మకో మా ఆయన స్వయంగా వెళ్ళి సరుకు కొని, మెటాడోర్ వ్యానులో వేసుకుని ఘాటీ రోడ్డు మీద తిరిగొచ్చేవాడు. ఆయన ఒక్కడే కొడుకు. మామగారు నా పెళ్ళికి చాలా ముందే పోయారు. ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే.

వ్యాను సంతకి బయలుదేరే రోజున ఎవరో ఒకరు ఎదురు రావాలి. ముత్తైదువ ఒకర్తె ఇత్తడి చెంబులో నీళ్ళు పట్టుకుని, మగాడు గుమ్మం దిగుతుండగా వీధిలోంచి అతనికి ఎదురుగా నడిచి రావాలన్నమాట. మా అత్తయ్య భర్త పోయిన మనిషి కాబట్టి ఆ వేళకి పెరట్లోకి పోయి నక్కి కూర్చునేది. కన్నకొడుకు ప్రయాణమైతే తల్లి దాక్కోవాలి! అంత గొప్ప శాస్త్రం. నా పెళ్ళికి ముందు పక్కవీధి బెల్లం వ్యాపారి భార్యని ఎదురుకి పిలిచేవారట. నేను రాగానే ఆ ఉద్యోగం నాకు దక్కింది. బీఏ చదివినదాన్ని, చెంబుచ్చుకుని వీధి మలుపు దాకా పోయి, మొగుడు గుమ్మంలో కనపడగానే ఏమీ ఎరగనట్టు ఎదురొచ్చేదాన్ని. "మా కోడలు మంచి ఎదురు" అని అత్తయ్య ఊరంతా చాటేది.

పెళ్ళయిన రెండో ఏడు వానాకాలంలో మొదలైంది. చెంబుతో నడిచొస్తున్నాను. మా ఆయన గుమ్మం దిగుతున్నాడు. ఉన్నట్టుండి నా కళ్ళకి వ్యాను లోయలో బోర్లా పడి ఉంది, ఆయన చెప్పు ఒకటి రోడ్డు మీద ఉంది. లోపలెవరో 'పోతాడు' అన్నారు. ఎవరో ఏమిటి, నా గొంతే. మా ఆయనంటే నాకు ప్రాణం. ఆయనకెప్పుడూ చెప్పలేదు గాని ఇక్కడ రాస్తే ఏం పోయింది. అలాంటి మనిషిని పట్టుకుని నా మనసు, అదీ నేను ఎదురొస్తుండగా, పోతాడంది.

ఆరోజు ఆయన నిక్షేపంగా తిరిగొచ్చాడు. నేను మాత్రం అత్తయ్యని అడిగాను, మనసులో అనుకున్న మాట కూడా ఆ దేవతలకి వినపడుతుందా అని. "పైకన్నది తరవాతమ్మి, లోపలిదే ముందు వినిపిస్తాది వాళ్ళకి" అంది ఆవిడ. అంతే, నా పని అయిపోయింది. నోటికైతే తాళం వేసుకోవచ్చు. మనసుకి ఏ తాళం వెయ్యను? రాకూడదనుకున్న కొద్దీ అదే వచ్చేది. ఘాటీలో ఏ మలుపులో పడుతుందో కూడా చూపించేది. వలిసెల బస్తాలు పగిలి నల్లటి గింజలు ఆయన మీద కురిసేవి. అంత నీచమైన బొమ్మలు నా బుర్రలో ఎక్కడ దాగున్నాయో నాకు తెలీదు.

అపశకునమైతే లోపలికొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరడం మనవాళ్ళ ఆచారం కదా. దాన్ని పట్టుకున్నాను. బొమ్మ రాగానే "ఏవండీ, ఒక్కసారొచ్చి కూర్చోండి, నీళ్ళు తాగి వెళ్దురుగాని" అనేదాన్ని. ఆయన వచ్చి కూర్చునేవాడు, తాగేవాడు, లేచేవాడు. గుమ్మం దిగేలోగా మళ్ళీ బొమ్మ. మళ్ళీ కూర్చోబెట్టేదాన్ని. "ఓలమ్మ, ఈ నీళ్ళన్నీ తాగితే ప్రతి మలుపు దగ్గరా బండి ఆపుకోవాలి నేను" అని మొత్తుకునేవాడు పాపం. అయినా తాగేవాడు. మా ఆయన అమాయకుడు, ఎవరేం చెప్పినా కాదనడు. ఆ ఇంట్లో పుట్టి అలా మిగలడం మామూలు విషయం కాదు.

ఒకరోజు కూర్చోబెట్టి లేపి, లేపి కూర్చోబెట్టి, ఎండెక్కిపోయింది. ఇక సంత ముగిసిపోతుందని ఆయన చెప్పులు విప్పేశాడు. సరిగ్గా ఆ సాయంత్రమే కబురొచ్చింది, ఘాటీలో బెల్లం వ్యాపారి లారీ పక్కకి ఒరిగి వాగులో పడిందని. ఎవరూ పోలేదు. డ్రైవరుకి చెయ్యి విరిగింది, బెల్లం దిమ్మలు నీళ్ళలో కలిశాయి. ఆ దారిలో వానాకాలం ఏదో ఒక బండి పడని వారముండదు. ఆ ముక్క ఒక్కరి బుర్రకీ తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే బెల్లం వ్యాపారి మా వాకిట్లోకొచ్చి నాకు దణ్ణం పెట్టేశాడు. "కోడలమ్మకి ముందే తెలిసిపోనాది! మొగుణ్ణి ఎల్లనియ్యలేదు సూడండి. నాను కూడా ఓ ముక్క అడిగేసి పంపితే బాగుణ్ణు."

అదీ మొదలు. నాకున్న రోగం వాళ్ళ కళ్ళకి వరమైపోయింది. అత్తయ్య వీధరుగు మీద పీట వేసి, నా మొహాన రూపాయి బిళ్ళంత కుంకం పెట్టి కూర్చోబెట్టేది. వర్తకులు వరసగా వచ్చేవారు. మునిగుడ పంపొచ్చా అని ఒకడు, జయపురం పంపొచ్చా అని ఇంకొకడు. ఆఖరికి ఎదురు కొట్టు ఒడియా సేఠు కూడా చేతులు కట్టుకుని "మా, కాలి గాడి పఠేఇబి కి?" అనేవాడు, రేపు బండి పంపనా అని. పంపొద్దనేదాన్ని. ఎవరడిగినా పంపొద్దనే అనేదాన్ని. ఎందుకంటే అడగ్గానే ఆ బండి కూడా నా కళ్ళముందు లోయలో పడేది. నేను పంపమన్నాక నిజంగా పడితే?

అన్ని రోజులూ వద్దంటే వ్యాపారం ఎలా సాగుతుంది? మనవాళ్ళు వర్తకులు, తెలివితక్కువవాళ్ళు కాదు. తమకి వెళ్ళబుద్ధి కాని రోజున మాత్రమే వచ్చి అడగడం నేర్చుకున్నారు. వెళ్ళాలనుకున్న రోజున మా వీధిలోకే వచ్చేవారు కాదు. నేను వద్దన్నాక కూడా వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చిన వాళ్ళు బోలెడంతమంది. వాళ్ళ సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. టైరు పంక్చరైనా సరే "అమ్మ సెప్పింది" అని గుర్తుపెట్టుకునేవారు. ఇంత లౌక్యం తెలిసిన మనుషులు ఇంత మూర్ఖంగా ఎలా ఉండగలరో నాకిప్పటికీ అంతుపట్టదు.

ఇంతమంది అడిగారు గాని, నువ్వెలా ఉన్నావని ఒక్కరూ అడగలేదు. నేనెలా ఉన్నానంటే, అంతకుముందు ఒక్క మొగుణ్ణి చంపుతాననే భయముండేది, ఇప్పుడు ఊళ్ళో సగం డ్రైవర్లని చంపుతాననే భయం. అన్నం సహించేది కాదు. నిద్ర లేదు. మా ఆయన ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే గ్యాస్ అన్నాడు, ఎర్రటి టానిక్కు ఇచ్చాడు. ఒక పంతులొచ్చి చేతికి తాడు కట్టి, "ఇది అనుగ్రహం, జాగర్త సేసుకోవాలి" అని దక్షిణ పుచ్చుకుని పోయాడు. అనుగ్రహమట, వాడి బొంద!

సునాబెడ పుట్టింటికి వెళ్ళినప్పుడు గుట్టు బయటపడింది. మా నాన్న డ్యూటీకి సైకిలు తీస్తే ఆ బొమ్మ ఆయనకీ వచ్చింది. పిలిచి కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను, మళ్ళీ ఇచ్చాను. సైరన్ మోగిపోయింది. మా అమ్మ వారపత్రికల్లో డాక్టరు సలహాల పేజీ వదలకుండా చదివే మనిషి. నన్ను గదిలోకి లాక్కెళ్ళి తలుపేసింది. "ఏటే ఇది? సెప్పకపోతే సంపుతాను" అంది. ఎన్నాళ్ళ తర్వాతో ఒక మనిషి నోట ఆ మాట అంత నిర్లక్ష్యంగా, అంత హాయిగా వినేసరికి నాకు ఏడుపు తన్నుకొచ్చి అంతా చెప్పేశాను. ఆ వారమే అమ్మ నన్ను రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్ళింది.

అక్కడ మానసిక వైద్యురాలు ఒకావిడ. నేను గొంతు తగ్గించి, తల దించుకుని, నా భర్త చావు రోజూ నాకు కనిపిస్తుందని చెప్పాను. ఆవిడ గుడ్లు తేలేస్తుందనుకున్నాను. ఆవిడేమో ఇంకా చెప్పండన్నట్టు చూసింది.

"ఇంతేనా?" అంది. "మొన్న ఒకావిడ గుళ్ళో అమ్మవారి మీద ఉమ్మేస్తానేమోనని వణికిపోతూ వచ్చింది. ఒక మాస్టారు పసిపిల్లని ఎత్తుకుంటే కింద పడేస్తానేమోనని సొంత మనవరాల్నే ముట్టుకోవడం మానేశాడు. వాళ్ళెవరూ ఏమీ చెయ్యలేదు. చెయ్యరు. ఇలాంటి పిచ్చి ఊహలు అందరికీ వస్తాయమ్మా. మిగతావాళ్ళు ఛీ అని వదిలేస్తారు. మీ జబ్బు వదలనివ్వదు."

దాని పేరు ఓసీడీ అంది. మాత్రలు రాసింది. పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది, ఓపిక పట్టమంది. మాత్రల కన్నా కష్టమైన మందు ఇంకోటి చెప్పింది: ఊహ వచ్చినా సరే మా ఆయన్ని వెనక్కి పిలవకూడదు, నీళ్ళివ్వకూడదు. "వీధిలో తాగుబోతు మిమ్మల్ని తిడుతుంటే లోపలికి పిలిచి కాఫీ ఇస్తారా? వాగనివ్వండి. మీ పని మీరు చూసుకోండి."

ఆ మాట నాకు బాగా నచ్చింది. భయపడమంటే ఎలాగూ భయపడతాను, వద్దంటే మానలేను. కానీ ఒకదాన్ని చులకనగా చూడమంటే మాత్రం, అది నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

రాయగడ తిరిగొచ్చి మాత్రలు వేసుకుంటుంటే అత్తయ్య గోల పెట్టింది. "అమ్మోరిచ్చిన సూపు. మందేసి పొడుసుకుంటావేటమ్మి? ఆ మాత్రలు నోటపెట్టుకుంటే ఇల్లిడిసి పోతాదావిడ!" పోనీ, వెళ్ళొస్తానని చెప్పి మరీ పొమ్మనండి అన్నాను. మా ఆయన మాత్రం "ఏస్కో, ఏస్కో. నాకు నీళ్ళు తాగే బాధ తప్పుతాది" అన్నాడు.

కొన్ని వారాల తర్వాత ఒక సంతరోజు. చెంబుతో వస్తున్నాను. ఆయన గుమ్మం దిగాడు. బొమ్మ వచ్చింది, ఎప్పటికన్నా వివరంగా వచ్చింది. వాగవే, వాగు, నీ మొహం చూస్తే కాఫీ ఇవ్వబుద్ధి కావడం లేదు అనుకుని ఆయన్ని దాటుకుని లోపలికొచ్చేశాను. వెనక వ్యాను స్టార్టయింది. పిలవలేదు. ఆ రోజంతా ఏ పని చేశానో నాకు తెలీదు. బియ్యంలో నీళ్ళు పొయ్యడం మర్చిపోయి గిన్నె మాడ్చాను. రెండుసార్లు వీధిలోకి పోయి, తిట్టుకుని, తిరిగొచ్చాను. సాయంత్రం ఆయన అల్లం బస్తాలతో దిగి, "పొద్దున పెట్టిన పులిహోరలో ఉప్పేదీ?" అన్నాడు. కావలించుకుని ఏడ్చేశాను. ఉప్పుకి ఇంతెందుకు ఏడుస్తుందోనని బిక్కమొహం వేశాడు.

అరుగు మీద పీట తీసేశాను. అడగడానికొచ్చిన వాళ్ళందరికీ ఒకే మాట చెప్పాను, నాకేమీ తెలీదు, అది జబ్బు, మందు వాడుతున్నాను అని. బెల్లం వ్యాపారి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "అయితే ఓ పని సెయ్యమ్మా. ఈ బెల్లం రోజులెల్లిపోయేదాకా ఆ మాత్రలాపీ. తరవాత నీ ఇష్టం" అన్నాడు. నేనేమన్నానో ఇక్కడ రాయను. ఆయన మళ్ళీ మా వీధిలోకి రాలేదు.

అలా రెండేళ్ళు గడిచాయి. నిద్ర వచ్చింది, అన్నం సహించింది. బొమ్మ అప్పుడప్పుడు వచ్చి తలుపు తట్టేది గాని దాని గొంతు పీలగా అయిపోయింది. అప్పుడు మొదలైంది ఇంకో తలనొప్పి. మా ఆయన విశాఖపట్నం నుంచి తెప్పించే మాత్రలు నెల నిండకుండానే తరిగిపోతున్నాయి. వంటింటి గూట్లో స్టీలు డబ్బాలో పెట్టేదాన్ని. రాయగడలో ఆ మాత్ర దొరకదు. లేకపోతే నా గతేమిటో నాకు తెలుసు. మళ్ళీ ఆ అరుగు, ఆ పీట, ఆ లోయ.

ఎవరు తీస్తున్నారో అనుమానమే లేదు. ఇంట్లో అమ్మోరిని నిలబెట్టుకోవాలని మా అత్తయ్య మాత్రలు తీసి మురిక్కాలవలో పారేస్తోంది. ఇంకెవరికి అవసరం? చేతికి చిక్కితే ఆవిణ్ణి ఏమంటానో రోజూ పని చేసుకుంటూ సాధన చేశాను. ఎక్కడ గొంతు పెంచాలో కూడా నిర్ణయించుకున్నాను.

ఒక మధ్యాహ్నం నేను నిద్రపోయాననుకుని ఆవిడ గూడు తీసింది. మెల్లగా వెనకే వెళ్ళాను. పెరట్లో కుళాయి దగ్గర నిలబడి, ఇటూ అటూ చూసి, మాత్ర నోట్లో వేసుకుని, దోసిలితో నీళ్ళు తాగింది.

సాధన చేసిన మాటలన్నీ వదిలేసి ఆవిడ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"అత్తయ్యా, ఏమిటది?"

ఉలిక్కిపడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మోకాళ్ళ నొప్పమ్మి" అంది.

"మోకాళ్ళకి ఆ మాత్ర వేసుకుంటారా? నా మాత్రలు దొంగతనంగా మింగి, నా మీదే గోల పెడతారా? మనిషేనా మీరు?"

జాలిపడ్డానని రాస్తే అబద్ధం. ఒళ్ళు మండిపోయింది. ఆవిడ కుళాయి గట్టు మీద కూలబడింది. నావైపు చూడకుండా, తడిసిన నేలతో చెప్తున్నట్టు చెప్పింది.

"నాకూ వస్తాదమ్మి. మీ ఆయన కడుపులో ఉన్నప్పట్నుంచీ వస్తాది. కత్తిపీట మీద కూర్చుంటే పిల్లోడి పీక కనబడీది. నూతికాడికెల్తే వాణ్ణి తోసీసినట్టుండీది. మీ మామ తిరగలేనంత జొరమొస్తే బాగుండు, ఇంట్లో ఉంటాడు, సచ్చిపోడు అనుకునీదాన్ని. సచ్చిపోతాడనే వచ్చీది. ఆరోజు పొద్దున్న ఆయన కొట్టుకెల్తుంటే సెయ్యి ఊపేను. ఊపుతుంటే 'ఇదే ఆకరు' అని వచ్చింది లోపల. మజ్జాన్నం కొట్లో కూలిపోయి ఎలిపోయేడు. నాను సంపీసేను. ఎవలికి సెప్పుకోను?"

ఆవిడ జీవితంలో మొదటిసారి ఆ మాటలు బయటికొచ్చాయి. అంటే ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళం, పక్కపక్క పీటల మీద కూర్చుని వంకాయలు తరుక్కుంటూ, ఒకే మనిషిని చంపుతామని ఎవరికి వాళ్ళం వణికిపోతున్నామన్నమాట. ఆ మనిషేమో ఆ వేళ ముందు గదిలో బోర్లా పడుకుని గురక పెడుతున్నాడు. నాకు రైలెక్కించి తీసుకెళ్ళిన అమ్మ ఉంది, ఇంతేనా అని అడిగిన డాక్టరుంది. ఈవిడకి తథాస్తు దేవతలు తప్ప ఎవరూ లేరు. ఆ దేవతల మీద నాకు అంత అసహ్యం ఇంకెప్పుడూ వెయ్యలేదు.

"అలా చెయ్యి ఊపినప్పుడు ఆ ఒక్కరోజే వచ్చిందా?" అని అడిగాను.

"రోజూ వచ్చీదమ్మి. ఆయన గుమ్మం దిగితే సాలు."

"ఎన్నేళ్ళు వచ్చింది?"

"మీ ఆయన కడుపులో పడ్డప్పట్నుంచీ మీ మామ పోయీదాకా."

"మరి రోజూ వస్తే రోజూ ఎందుకు చావలేదాయన? పొద్దున మీ బుర్రలో చచ్చి, మధ్యాహ్నం భోజనానికెలా వచ్చేవాడు అన్నేళ్ళూ?"

తల ఎత్తి చూసింది. ఆవిడ మొహంలో ఏం జరుగుతోందో నాకు కనపడుతూనే ఉంది. అంత చిన్న లెక్క ఆవిడ ముందు ఎవరూ పెట్టలేదు. ఎవరు పెడతారు, నోరు విప్పనిస్తే కదా.

"అయితే నాను సంపలేదేటమ్మి ఆయన్ని?"

"లేదత్తయ్యా."

"నిజవేనా?"

"నిజమే. మీరు చంపలేదు."

మళ్ళీ అడిగింది. వచ్చే నెల తనని కూడా విశాఖపట్నం తీసుకెళ్తానని చెప్పాను, తలూపింది, మళ్ళీ అదే అడిగింది. ఈ జబ్బున్న మనిషి అలా పదే పదే అడుగుతుంటే జవాబు చెప్పుకుంటూ పోకూడదు, చెప్పిన కొద్దీ జబ్బుకి మేత వేసినట్టేనని డాక్టరమ్మ నాకు గట్టిగా చెప్పింది. ఆ మాట నాకు బాగా గుర్తుంది. అయినా ఆ పూట పొద్దు వాలేదాకా ఆవిడ పక్కన ఆ కుళాయి గట్టు మీద కూర్చుని, అడిగినప్పుడల్లా లేదనే చెప్పాను.